దండి దారి చెప్పే అల్ట్రా పాఠం

సూరత్ నుంచి నవసారి మీదుగా దండి సముద్రతీరానికి రోడ్డు దూరం దాదాపు 50 కిలోమీటర్లు. మారథాన్ 42.195 కిలోమీటర్లు. అంతకు మించిన పరుగు ఏదైనా అల్ట్రా మారథాన్ కిందికే వస్తుంది. కొత్తగా దిగేవాళ్ళు ఎక్కువగా ఎంచుకునేది 50 కిలోమీటర్లే. లింబాయత్‌లోనో ఉధనాలోనో ఉండే తెలుగువాడు తెల్లవారుజామున ఇంటి దగ్గర బయలుదేరి దండిలో ఆగితే ఒక అల్ట్రా ముగించినట్టే.

1930లో గాంధీ వెంట ఈ దారిన నడిచినవాళ్ళకు పతకాల ఊసు లేదు. వాళ్ళ గురి ఉప్పు చట్టం మీద. అయినా వందల కిలోమీటర్లు కాళ్ళ మీద దాటాలంటే ఏమేం సమకూర్చుకోవాలో వాళ్ళ ఏర్పాట్లు చూస్తే తెలుస్తుంది. ఇంత దూరాలను ముగించేది మొండి పట్టుదలేనని చాలామంది నమ్మకం. నూటయాభై ఏళ్ళ చరిత్ర తిరగేస్తే పట్టుదల కంటే ముందు వరసలో మూడు కనిపిస్తాయి: వేళకు తిండి, వేళకు విశ్రాంతి, పక్కన తోడు. ఆ మూడూ ఎవరికి దక్కాయి, ఎవరికి దక్కలేదన్నదే ఈ ఆట చరిత్రలో అసలు సంగతి.

నేటాల్ దారులు

దూరపు నడక వినోదంగా మారింది 1870లలో, బ్రిటన్, అమెరికాల్లో. ఆదివారం వినోదాలకు అనుమతి లేదు కాబట్టి పందెం ఆరు రోజులు సాగేది. ఎడ్వర్డ్ పేసన్ వెస్టన్, డేనియల్ ఓలియరీ వంటివారు పైకప్పు కింద గుండ్రటి బాట మీద రాత్రింబవళ్ళు నడుస్తుంటే జనం టికెట్లు కొని చూసేవారు. సైకిల్ పందేల మోజు వచ్చాక ఆ సందడి సద్దుమణిగింది.

మనకు దగ్గరి చరిత్ర దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో మొదలవుతుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రురో అనే ఓడ డర్బన్ చేరింది. అది మొదలు చెరకు తోటలకూ బొగ్గు గనులకూ ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారిలో తమిళులతో పాటు తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. ఒప్పందం ముగిసినా అక్కడే ఉండిపోయిన కూలీ మీద వేసిన మూడు పౌన్ల పన్నుకు వ్యతిరేకంగా 1913లో గని కార్మికులు సమ్మె కట్టారు. నవంబరు 6న ఛార్లెస్‌టౌన్ నుంచి ట్రాన్స్‌వాల్ సరిహద్దు వైపు నడిచినవారు 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు అని వారిని నడిపించిన గాంధీ లెక్క రాసిపెట్టారు. మనిషికి రోజుకు ఒకటిన్నర పౌను రొట్టె, ఒక ఔన్సు పంచదార. అంతమందికి దారి పొడవునా రొట్టె అందేలా ముందుగానే కబురు పెట్టి ఏర్పాటు చేసుకున్నారు. రొట్టె ముందు నడిస్తేనే మనిషి వెనక నడవగలడని వాళ్ళకు తెలుసు.

అంతకు మూడేళ్ళ ముందే గాంధీ, హెర్మన్ కాలెన్‌బాక్ కలిసి జొహాన్నెస్‌బర్గ్‌కు 21 మైళ్ళ దూరంలో టాల్‌స్టాయ్ ఫారం నెలకొల్పారు. సొంత పని మీద పట్నం వెళ్ళేవారు నడిచే వెళ్ళాలన్నది అక్కడి నియమం. రాత్రి రెండు గంటలకే లేచి బయలుదేరేవారు. మామూలుగా ఆరేడు గంటలు పట్టే దూరాన్ని ఒకరు 4 గంటల 18 నిమిషాల్లో దాటారని గాంధీ రాశారు. సంచిలో పొట్టు తీయని గోధుమపిండి రొట్టె, అక్కడే నూరిన వేరుసెనగ ముద్ద, నారింజ తొక్కల మురబ్బా. పిండి పదార్థం, కొవ్వు, తీపి మూడూ ఉన్న ఆ సంచిని ఈనాటి అల్ట్రా పరుగరి ముందు పెడితే అందులో మార్చేదేమీ ఉండదు.

ఆ నేటాల్‌లోనే 1921 మే 24న కామ్రేడ్స్ మారథాన్ పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికా ఎండల్లో మైళ్ళకొద్దీ నడిచి ప్రాణాలు విడిచిన తోటి సైనికుల జ్ఞాపకార్థం విక్ క్లాఫమ్ దాన్ని ప్రారంభించాడు. పీటర్‌మారిట్జ్‌బర్గ్ నుంచి డర్బన్‌కు దాదాపు 90 కిలోమీటర్లు. 34 మంది బయలుదేరితే 16 మంది గమ్యం చేరారు. 1893లో గాంధీని రైలు నుంచి దింపేసిన ఊరు ఈ పీటర్‌మారిట్జ్‌బర్గే.

1922లో గెలిచిన ఆర్థర్ న్యూటన్‌కు అప్పటికి 39 ఏళ్ళు. అతనొక రైతు. ప్రభుత్వంతో ఉన్న భూమి తగాదాను జనం దృష్టికి తేవడానికి పరుగు మొదలుపెట్టాడు. కొద్ది దూరం వేగంగా పరిగెత్తి సాధన చేయడమే ఆనాటి పద్ధతి. న్యూటన్ దాన్ని పక్కనబెట్టి రోజూ, నెమ్మదిగా, చాలా దూరం పరిగెత్తాడు. నిమ్మరసంలో చక్కెర, ఉప్పు కలుపుకుని తాగేవాడు. ఆ పద్ధతితో ఐదుసార్లు కామ్రేడ్స్ గెలిచాడు. ఈనాటి శిక్షణకు పునాది అదే: వారంలో అధిక భాగం పరుగు పక్కవాడితో మాట్లాడగలిగినంత నిదానంగా సాగాలి.

ఆ పందెంలో నల్లవారికీ భారతీయులకూ స్త్రీలకూ మాత్రం అధికారిక చోటు లేదు. 1923లో ఫ్రాన్సెస్ హేవర్డ్, 1935లో రాబర్ట్ మ్షాలీ అనుమతి లేకుండానే పరిగెత్తి దూరం ముగించారు. అందరికీ తలుపులు తెరుచుకున్నది 1975లో. 1913లో నడిచిన కూలీల మనవలు సొంత ఊరి దారిలో నంబరు కట్టుకుని పరిగెత్తడానికి పందెం పుట్టాక 54 ఏళ్ళు ఆగాల్సి వచ్చింది.

దండి యాత్ర ఏర్పాట్లు

1930 మార్చి 12న సబర్మతి నుంచి బయలుదేరిన దండి యాత్ర ఏప్రిల్ 5న ముగిసింది. 241 మైళ్ళు, అంటే సుమారు 388 కిలోమీటర్లు. గాంధీకి అప్పుడు అరవై నిండి ఆరు నెలలు కావస్తోంది. ఆయన వెంట నడిచిన ఆశ్రమవాసుల్లో ఆంధ్ర నుంచి ఎర్నేని సుబ్రహ్మణ్యం ఉన్నారు. రోజుకు పది, పన్నెండు మైళ్ళు. అదీ ఉదయం కొంత, సాయంత్రం కొంత. మధ్యాహ్నపు ఎండలో నడక లేదు. సోమవారం పూర్తి విశ్రాంతి. గాంధీ కోసం గుర్రం సిద్ధంగా ఉన్నా ఆయన ఎక్కలేదు. అదే దారిలో ఆయనకంటే సగం వయసున్న కుర్రాళ్ళు కొందరు కాళ్ళు బొబ్బలెక్కి, జ్వరాలొచ్చి పడిపోయారు. అప్పటికి గాంధీకి నలభై ఏళ్ళ నడక అలవాటుంది. ఆ తేడా వయసుది కాదు, సాధనది.

యాత్రకు ముందే దారిలోని పల్లెలకు ఆయన తిండి పట్టిక పంపారు. పొద్దున బయలుదేరే ముందు రాబ్ అనే పిండి జావ, ఢేబ్రా రొట్టె. మధ్యాహ్నం భాఖరీ, కూర, పాలో మజ్జిగో. సాయంత్రం నడకకు ముందు వేయించిన సెనగలు. రాత్రి కిచిడీ. నెయ్యి మనిషికి రోజుకు మూడు తులాలు మించకూడదు. తన వరకు మేకపాలు, ఎండుద్రాక్షో ఖర్జూరమో, మూడు నిమ్మకాయలు. నడకకు ముందు తేలిగ్గా అరిగే పిండి పదార్థం, నడక అయ్యాక కడుపు నిండా అన్నం, పప్పు. ఈ క్రమాన్ని పోషకాహార నిపుణులు ఇప్పుడు గ్రాముల లెక్కన చెబుతున్నారు.

మార్చి 29న సూరత్ జిల్లా భాట్‌గామ్‌లో గాంధీ మాట్లాడిన తీరు విన్నవారిని కదిలించింది. యాత్రికుల కోసం సూరత్ నుంచి లారీలో పాలు తెప్పించారని ఆయనకు తెలిసింది. రాత్రి నడకలో ఒక కూలీ నెత్తిన బరువైన దీపం మోస్తుంటే, త్వరగా నడవమని అతన్ని తొందరపెట్టడం కళ్ళారా చూశారు. భరించలేక ఆయన వడి పెంచి అందరినీ దాటి ముందుకెళ్ళారు. ఫలితం లేకపోయింది. ఆ కూలీని ఆయన వెనకే పరిగెత్తించారు. బరువు మోయక తప్పకపోతే మనలోనే ఒకరు మోయాలి అన్నది ఆయన బాధ. ఆ కూలీ పేరు ఏ జాబితాలోనూ లేదు. అతనికి తిండి పట్టిక లేదు, సోమవారం సెలవు లేదు. ఆ రాత్రి ఆ దారిలో పరిగెత్తిన మనిషి మాత్రం అతనే.

ఏప్రిల్ 1న యాత్ర సూరత్ చేరింది. మర్నాడు దిండోలిలో ఆగింది. దిండోలి ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. దాని చుట్టుపక్కల పేటల్లో తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు స్థిరపడ్డాయి. వీరిలో చాలామంది పద్మశాలీలు. వాళ్ళు వచ్చిన తెలంగాణలోని నల్లగొండ జిల్లాకు కూడా నడక చరిత్రలో తనదైన చోటుంది. 1951 మార్చిలో వినోబా భావే తన ఆశ్రమం నుంచి బయలుదేరి దాదాపు 300 మైళ్ళు నడిచి హైదరాబాద్ దగ్గరి శివరాంపల్లి సర్వోదయ సమావేశానికి వచ్చారు. అక్కణ్ణుంచి నల్లగొండ పల్లెల్లోకి నడిచారు. ఏప్రిల్ 18న నేతవాళ్ళ ఊరు పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇవ్వడంతో భూదానం మొదలైంది. ఆపైన పదమూడేళ్ళకు పైగా సాగిన వినోబా పాదయాత్రకు తెల్లవారుజామున బయలుదేరడమే నియమం.

శాస్త్రం నేర్చుకున్నది

1974లో గోర్డీ ఐన్స్‌లీ కాలిఫోర్నియాలో గుర్రాల కోసం పెట్టిన 100 మైళ్ళ పందేన్ని కాళ్ళ మీద 23 గంటల 42 నిమిషాల్లో ముగించాడు. 1983లో ఏథెన్స్ నుంచి స్పార్టాకు 246 కిలోమీటర్ల స్పార్టథ్లాన్ మొదలైంది. అదే ఏడు ఆస్ట్రేలియాలో 61 ఏళ్ళ బంగాళాదుంపల రైతు క్లిఫ్ యంగ్ సిడ్నీ–మెల్‌బోర్న్ పరుగు గెలిచాడు. 2022లో అలెక్సాండర్ సొరోకిన్ 24 గంటల్లో 319.614 కిలోమీటర్లు పరిగెత్తాడు.

ఈ దశలో శాస్త్రానికి పెద్ద పాఠం నేర్పింది ఉప్పే. దాహం వేయకపోయినా నీళ్ళు తాగాలన్నది ఒకప్పటి సలహా. దక్షిణాఫ్రికా వైద్యుడు టిమ్ నోక్స్ 1985లో సహచరులతో కలిసి, అతిగా నీళ్ళు తాగడం వల్ల రక్తంలో సోడియం పడిపోయి ప్రాణాపాయంలో పడిన నలుగురి సంగతి ప్రచురించారు. ఇప్పుడు సలహా మారింది: దాహాన్ని బట్టి తాగాలి, పొద్దస్తమానం చెమటోడ్చేటప్పుడు తిండిలో ఉప్పు ఉండాలి. ఎండలో కష్టపడే పేదవాడికే ఉప్పు ఎక్కువ అవసరమని, ఆ పన్ను వాడి మీదే బరువని 1930లో గాంధీ వాదించారు. వైద్యం ఆ మాటను బలపరిచింది.

ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ దాదాపు రెండు వేల కిలో కేలరీలు. బరువు కిలోకు, దూరం కిలోమీటరుకు సుమారు ఒక కిలో కేలరీ ఖర్చు. 65 కిలోల మనిషి 50 కిలోమీటర్లకు మూడు వేలు దాటి ఖర్చు పెడతాడు. లోటు దారిలో తింటూ పూడ్చుకోవాలి: గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం. అరటిపండు, ఖర్జూరం, ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంప, పల్లీపట్టీ. పరుగులో తిన్నది అరిగించుకోవడం కడుపుకు కూడా సాధన మీదే వస్తుంది. అందుకని పోటీ రోజున తినేదాన్నే వారాంతపు దూరపు పరుగుల్లో తిని చూసుకోవాలి.

మిగతా సాధన కూడా అలాంటి నిదానమైన పనే. మూడు వారాలు దూరం కొద్దికొద్దిగా పెంచి నాలుగో వారం తగ్గించడం. శనివారం దూరపు పరుగు, అలసిన కాళ్ళతోనే ఆదివారం మరొకటి. చదునైన సూరత్‌లో గుట్టలు లేవు కాబట్టి ఎక్కి దిగడానికి ఫ్లైఓవర్లే దిక్కు. దిగుడులో తొడ కండరాలు నలుగుతాయి. ముందే అలవాటు పడితే పోటీలో తట్టుకుంటాయి. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. వేడికి ఒళ్ళు అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. బూట్లు కాస్త వదులుగా ఉండాలి, తడిసిన మేజోళ్ళు మార్చుకోవాలి, బొబ్బ లేవకముందే మంట పుట్టిన చోట టేపు వేయాలి. నొప్పి మాత్రలు మింగి పరిగెత్తితే కిడ్నీలకు చేటు. పోటీకి ముందు రెండు మూడు వారాలు దూరం తగ్గించాలి. వీటన్నిటి కంటే ముఖ్యం నిద్ర. కండరం గట్టిపడేది పరుగులో కాదు, నిద్రలో.

మన దేశంలో ఈ పోటీలు వేళ్ళూనుకున్నది ఈ శతాబ్దంలోనే. 2007లో బెంగళూరు అల్ట్రా మొదలైంది. అదే ఏడు హైదరాబాద్ రన్నర్స్ ఏర్పడింది. 2010లో లద్దాఖ్‌లో 222 కిలోమీటర్ల లా అల్ట్రాకు ముగ్గురు దిగితే ఒక్కరే ముగించారు. 2016లో మిలింద్ సోమణ్ అహ్మదాబాద్ నుంచి ముంబయికి 527 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా పరిగెత్తారు. సూఫియా ఖాన్ 2020 డిసెంబరు నుంచి 110 రోజుల్లో స్వర్ణ చతుర్భుజి రహదారి చుట్టి వచ్చారు. 2022 జులైలో బెంగళూరులో జరిగిన ఆసియా–ఓషియానియా 24 గంటల పోటీలో భారత పురుషుల జట్టు స్వర్ణం గెలిచింది.

విశ్రాంతి ఎవరిది?

సూరత్ సాంచెల (మరమగ్గాల) కార్ఖానాల్లో 12 గంటల షిఫ్టు సాధారణం. మన నేత కార్మికుడు ఆ గంటలన్నీ నిలబడే ఉంటాడు, సాంచెల మధ్య తిరుగుతూనే ఉంటాడు. కాళ్ళ మీద గడిపిన గంటలే అల్ట్రాకు కొలత అయితే అతన్ని మించిన సాధకుడు లేడు. అయినా పోటీలో నంబరు కట్టుకునేవాళ్ళలో అతను అరుదు. ఓపిక లేక కాదు. పొద్దున పరిగెత్తి మధ్యాహ్నం కునుకు తీసే వీలు అతనికి లేదు. రాత్రి షిఫ్టు దిగినవాడికి 30 కిలోమీటర్ల పరుగు సాధన కాదు, ఒంటికి హాని.

అందుకే ఈ నగరంలో అల్ట్రా పెరగాలని కోరుకునేవాళ్ళు ముందు పట్టించుకోవలసింది షిఫ్టునూ సెలవునూ. శిక్షణ పట్టిక వారాంతం చుట్టూ కాకుండా కార్మికుడి వారపు సెలవు చుట్టూ అల్లాలి. రాత్రి షిఫ్టు వారంలో దూరం తగ్గించి నిద్రకు చోటివ్వాలి. ప్రవేశ రుసుము అతని కూలికి తగ్గట్టు ఉండాలి. పోటీ మర్నాడు కూలి కోత లేని సెలవు ఇవ్వమని కార్ఖానాదారులను అడగాలి. సొంత మగ్గాల స్థాయికి ఎదిగిన తెలుగువాళ్ళు సూరత్‌లో ఉన్నారు, వాళ్ళతోనే మొదలుపెట్టవచ్చు. కామ్రేడ్స్ తలుపులు 1975లో నియమం మార్చి తెరిచారు. ఇక్కడ అడ్డొచ్చే నియమం కాగితం మీద లేదు, గడియారంలో ఉంది. దాన్ని మార్చితే, భాట్‌గామ్ దారిలో దీపం మోస్తూ పరిగెత్తిన కూలీ లాంటివాళ్ళు ఈసారి తమ కోసం పరిగెత్తగలుగుతారు.