సందూక్ సర్దేముందు

పోయిన నెలలో మొయినాబాద్ నుంచి మా ఫుప్పమ్మ ఫోన్ చేసింది. "బేటా, ఒక్క రోజు వచ్చిపో. సామాన్ చూసి ఏది ఉంచాలో, ఏది పంపాలో చెప్పు" అంది. కొడుకు కెనడాలో స్థిరపడ్డాడు. ఫుప్పమ్మకూ ఫుప్పాకూ కూడా అక్కడే ఉండిపోయే కాగితాలు వచ్చాయి. ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఓడలో పంపే సామాన్‌కు ఎంత చోటు తీసుకుంటే అంత ఖర్చు కాబట్టి తక్కువ పంపమని కొడుకు హుకుం.

వెళ్లేసరికి దాలాన్ నిండా సామాన్ పరిచి ఉంది. ఇత్తడి పాన్‌దాన్, వంద మందికి బిర్యానీ వండేంత తాంబే దేగ్, నాలుగు రజాయిలు, కుట్టుమిషన్, జహేజ్‌లో వచ్చిన పలంగ్, మిక్సీ, గ్రైండర్, గుడ్డలో చుట్టిన చేతిరాత ఖురాన్. ఓ మూల రేకు సందూక్, దాని నిండా ఉర్దూ కాగితాలు. "యే సబ్ కా క్యా కర్నా బేటా?" అంది ఫుప్పమ్మ. నేను నోట్‌బుక్ తీసి ఫెహ్రిస్త్ రాయడం మొదలుపెట్టాను. రాస్తుంటే అనిపించింది, ఈ సవాల్ ఈ ఇంటికి కొత్త కాదు, మన ఖౌమ్‌కు అసలే కొత్త కాదు.

మొయినాబాద్ పక్కనే చిలుకూరు. వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు, వచ్చాక నూట ఎనిమిది చేసే గుడి అక్కడే ఉంది. ముల్క్ దాటాలనే ఆశ ఈ ఇలాఖాలో మజ్హబ్ చూడదు. అయితే ఆ గుడికి వీసా పేరు రావడానికి ఎంతో ముందే, చేవెళ్ల, మొయినాబాద్ వైపు ముసల్మాన్ ఇళ్లలో సందూక్‌లు సర్దడం, విప్పడం చాలాసార్లు జరిగింది.

అన్నిటికన్నా పాతది హజ్ సఫర్. మన పెద్దలు రైల్లో బంబయి వెళ్లి, అక్కడ ముసాఫిర్‌ఖానాలో దిగి, జహాజ్ ఎక్కి జిద్దాకు వెళ్లేవారు. సముద్రం మీదే వారం పది రోజులు పట్టేది. ఆ జహాజ్‌లు నడిచింది 1995 దాకానే. ఆ ఏడాది అక్బరీ అనే జహాజ్ చివరిసారి హాజీలను తీసుకెళ్లింది, తర్వాత అంతా విమానాలే. జహాజ్ కాలంలో హాజీల సామాన్‌లో బియ్యం, పప్పు, అచార్, స్టవ్, బిస్తర్‌తో పాటు ఒక కఫన్ గుడ్డ కూడా ఉండేది. వాపస్ వస్తామన్న భరోసా లేని సఫర్ అది. అందుకే బయల్దేరేముందు అప్పులు తీర్చేవారు, వసియ్యత్ రాసేవారు, గల్లీలో గడప గడపకూ తిరిగి "కహా సునా మాఫ్ కరో" అనేవారు. సందూక్ సర్దడం వాళ్లకు చివరి పని. మొదటి పని హిసాబ్ సాఫ్ చేసుకోవడం.

రెండో సఫర్‌కు అంత వ్యవధి దొరకలేదు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రియాసత్‌లోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయారు. ఆ తర్వాత జరిగిన ఖత్ల్‌-ఎ‌-ఆమ్‌ను విచారించిన సుందర్‌లాల్ కమిటీ, చనిపోయినవారు 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలకు అందరికన్నా ఎక్కువ దెబ్బ తగిలింది. చేవెళ్ల వైపు అప్పట్లో అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా కింద ఉండేది, ఆ జిల్లాలో ఎక్కువ భాగం నిజాం సొంత ఇలాఖా, సర్ఫ్-ఎ-ఖాస్. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ సర్కార్‌లో కలిసిపోయింది, అదే ఏడాది జాగీర్లూ రద్దయ్యాయి. దాని మీద బతికిన చిన్న చిన్న ముసల్మాన్ ఉద్యోగులు, గుమాస్తాలు, సిపాయిలు ఒక్కసారిగా రోడ్డు మీద పడ్డారు. కొందరు కరాచీ దారి పట్టారు. అక్కడ హైదరాబాద్ కాలనీ అని ఒక బస్తీయే వెలిసింది. మన అచార్‌లకు, బగారా బైంగన్‌కు ఇప్పటికీ అక్కడ పేరు.

ఫుప్పమ్మ చచ్చా కూడా అలా వెళ్లినవాడే. ఏం తీసుకెళ్లాడని అడిగితే ఆమె వేళ్లు మడిచి చెప్పింది: రెండు రజాయిలు, ఒక సురాహీ, ఖురాన్, పిల్లల బట్టలు. జేబులో ఉన్నది హాలీ సిక్కా. హైదరాబాద్ రూపాయలు 7 ఇస్తే హిందుస్తానీ కల్దార్ రూపాయలు 6 వచ్చేవి. అది కూడా మార్చుకునే అవకాశం ఇక్కడ ఉన్నంతవరకే. 'నాలుగు నెలల్లో వస్తాం' అని తాళంచెవి అన్నకిచ్చి వెళ్లాడు. కానీ 1948లోనే రెండు ముల్క్‌ల మధ్య పర్మిట్ నిబంధనలు వచ్చాయి. 1952 అక్టోబర్ నుంచి పాస్‌పోర్ట్, వీసా లేకుండా కుదరదన్నారు. నాలుగు నెలలు జిందగీ మొత్తం అయిపోయింది.

ఆయన తీసుకెళ్లిన సామాన్ కన్నా వదిలేసి వెళ్లినదాని కహానీ పెద్దది. పాకిస్తాన్ వెళ్లిపోయినవారి ఆస్తుల కోసం 1950లో ఒక ఖానూన్ వచ్చింది. ముల్క్ బట్వారా వల్లో, ఫసాద్‌ల భయంతోనో 1947 మార్చి 1 తర్వాత వెళ్లిపోయినవారిని 'ఎవాక్యూ' అన్నారు. వారి ఇల్లు, పొలం, దుకాణం కస్టోడియన్ అనే సర్కారీ అధికారి చేతికి పోయేవి. అంతటితో ఆగలేదు. వెళ్లాలనే ఇరాదా ఉందని నడవడికను బట్టి, కాగితాలను బట్టి తేలినవారిని 'ఇంటెండింగ్ ఎవాక్యూ'గా ప్రకటించే నియమం కూడా అందులో ఉండేది. 1953లో దాన్ని తీసేశారు. ఆ మూడు నాలుగేళ్లు మన పెద్దలు ఇంట్లో ఒక పలంగ్ అమ్మాలన్నా ఆలోచించారంటే ఎందుకో అర్థం చేసుకోండి. సామాన్ సర్దుతున్నట్టు కనబడటమే ఖతరా.

ఇంకో ముష్కిల్ ఉమ్మడి ఇళ్లది. ఒక తమ్ముడు కరాచీలో, ఒక అన్న మొయినాబాద్‌లో ఉంటే ఇల్లు ఎవరిది? దీనికోసం 1951లో మరో ఖానూన్ వచ్చింది. వెళ్లినవాడి హిస్సా, ఉన్నవాడి హిస్సా వేరు చేయడం దాని పని. ఉన్నవాళ్లు వెళ్లినవాడి హిస్సాకు ధర కట్టి చెల్లించి ఇల్లు నిలబెట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. అంటే తన బాప్‌దాదా కట్టిన ఇంట్లో సగాన్ని అన్న మళ్లీ కొనుక్కోవాలి.

మూడో సఫర్ నవ్వుతూ మొదలైంది. 1973లో చమురు ధర పెరిగాక ఖలీజ్ దేశాల్లో పని దొరికింది. మేస్త్రీలు, డ్రైవర్లు, దర్జీలు, ఎలక్ట్రీషియన్లు దుబాయ్, జిద్దా, కువైట్ వెళ్లారు. విమానంలో ఇరవై ముప్పై కిలోలు, అంతే. పోయేటప్పుడు అచార్ డబ్బా, రెండు జతల బట్టలు, లుంగీ, తస్బీహ్, అమ్మ ఫోటో. వచ్చేటప్పుడు తాడుతో బిగించి కట్టిన కార్టన్, దాని మీద పెద్ద అక్షరాల్లో పేరు, ఊరు. అందులో టేప్ రికార్డర్, కంబళ్లు, సబ్బులు, అత్తర్, టార్చిలైట్. మన ఇళ్లలో సామాన్ బయటికి పోవడం కాకుండా లోపలికి రావడం మొదలైన జమానా అది.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌లోకి జొరబడింది. అక్కడున్న మనవాళ్లు ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరారు. 1,70,000 మందికి పైగా హిందుస్తానీలను విమానాల్లో వాపస్ తెచ్చారు. ఏళ్ల తరబడి కూడబెట్టినదంతా అక్కడే వదిలి చేతిసంచితో దిగినవాళ్లు అందులో ఎందరో. తర్వాత ఐక్యరాజ్య సమితి 1991లో జెనీవాలో నష్టపరిహార కమిషన్ పెట్టింది. కువైట్ వదిలి రావాల్సి వచ్చినందుకు ఒక్కొక్కరికి 2,500 లేదా 4,000 డాలర్లు, కుటుంబానికి 5,000 లేదా 8,000 డాలర్లు అని నిర్ణయించింది. అంతకు మించి పోగొట్టుకున్నవారు, ఇంటి సామాన్‌తో సహా, 1,00,000 డాలర్ల దాకా వేరే ఫారంలో దావా వేసుకోవచ్చంది. ఆ ఫారం నింపాలంటే ఏం కావాలి? ఫెహ్రిస్త్ కావాలి, రసీదులు కావాలి. ఫ్రిజ్ ఎప్పుడు కొన్నావు, ఎంతకు కొన్నావు అంటే, కువైట్ సిటీలో తాళం వేసి వచ్చిన గదిలో ఉన్న రసీదు ఎవరు చూపిస్తారు? సామాన్ ఉన్నప్పుడు రాయని ఫెహ్రిస్త్ పోయాక రాయడం ఎంత కష్టమో ఆ తరానికి తెలుసు.

ఇప్పుడు ఫుప్పమ్మ సఫర్. ఇది భయంతో పోయేది కాదు, అల్‌హమ్‌దులిల్లాహ్. కానీ దీనికీ ఖానూన్‌లు ఉన్నాయి. కెనడాలో స్థిరపడేందుకు వెళ్లేవారు మొదటిసారి దిగిన రోజే కస్టమ్స్ అధికారికి ఫెహ్రిస్త్ ఇవ్వాలి: వెంట తెచ్చిన సామాన్ ఒకటి, వెనక వచ్చే సామాన్ ఇంకొకటి. వెనక వచ్చేది ఆ రోజు రాయించకపోతే తర్వాత పన్ను తలనొప్పి. మిక్సీ, గ్రైండర్ మోసుకుపోవడం ఫిజూల్. మన కరెంటు 230 వోల్టులు, వాళ్లది 120. చెక్కపెట్టెల్లో పంపితే ఆ చెక్క వేడిచేసి పురుగు లేకుండా చేసిందనే ముద్ర ఉండాలి.

అందరూ మరిచిపోయేది మన సొంత ముల్క్ ఖానూన్. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పురావస్తువులను సొంతంగా దేశం దాటించకూడదు. చరిత్ర, సాహిత్య విలువ ఉన్న చేతిరాత ప్రతులకైతే ఆ హద్దు 75 ఏళ్లే. ఫుప్పమ్మ ఇంట్లో గుడ్డలో చుట్టిన ఖురాన్ ఆమె దాదా చేతిరాత. దాన్ని సూట్‌కేసులో పెట్టేముందు పురావస్తు శాఖ వారికి చూపించి, ఫరవాలేదని కాగితం తీసుకోవాలి. ఈ మాట చెబితే ఆమె నివ్వెరపోయింది. "మా దాదా రాసింది, సర్కార్‌ను అడగాలా?" అంది. అడగాలి. అక్కరలేని పాత ఉర్దూ కితాబులుంటే పంజాగుట్టలో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ ఉంది, 1931 నుంచి అలాంటివి భద్రపరుస్తోంది. పాత కాగితం అమ్మేవాడికి తూకంలో వేసేముందు ఒక్కసారి అటు వెళ్లండి.

ఇక రేకు సందూక్. కొడుకు ఫోన్లో, "అవన్నీ చిత్తు కాగితాలు, పారేయండి" అన్నాడు. అతనికి ఉర్దూ చదవడం రాదు, తప్పు అతనిది కాదు. నేను కింద కూర్చుని ఒక్కొక్కటీ తీశాను. పెళ్లి రుఖ్ఖాలు, దవాఖానా చిట్టీలు, ఫస్లీ సంవత్సరాలు వేసిన భూమి శిస్తు రసీదులు. మధ్యలో నాలుగు మడతల కాగితం ఒకటి. చచ్చా హిస్సాకు డబ్బు కట్టినట్టు సర్కార్ ఇచ్చిన రసీదు. ఈ ఇంట్లో సగం ఎలా మనదైందో చెప్పే కాగితం అదొక్కటే. ఇల్లు అమ్మకానికి పెట్టిన రోజున దాన్ని పారేయబోయారు.

ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు. తెలంగాణలో భూమి తగాదా ఏదొచ్చినా 1954-55 ఖాస్రా పహాణీ దాకా, ఇంకా వెనక్కి పోతే సేత్వార్ దాకా వెళ్తారు. పాత నిజాం కాలపు రికార్డు ఉర్దూలో ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల కోసం 1996లో తెచ్చిన 111 జీవో 84 ఊళ్లలో కట్టడాలను ఆపింది, మొయినాబాద్, చేవెళ్ల వైపు ఊళ్లు అందులో ఉన్నాయి. 2022లో దాని స్థానంలో 69 జీవో వచ్చాక ఇక్కడి జమీన్ మీద అందరి కన్నూ పడింది. అలాంటి చోట వారసులు టొరంటోలో, చికాగోలో, జిద్దాలో ఉండి, కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలియకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా? భాయీ, పలంగ్ వదిలేయండి, కాగజ్ వదలకండి. అసలు ఇక్కడ నమ్మకస్తుల దగ్గర ఉంచండి, నకలు వెంట తీసుకెళ్లండి, ఉర్దూ తెలిసినవాళ్లతో తెలుగులో అర్థం రాయించి దానికి జత చేయండి.

మధ్యాహ్నం జుహర్ తర్వాత దేగ్ వంతు వచ్చింది. మేమంతా అది ఫుప్పమ్మదే అనుకున్నాం. నలభై ఏళ్లుగా ఆమె దాలాన్‌లోనే ఉంది, మా అందరి షాదీలకూ అందులోనే వండారు. ఆమె నెమ్మదిగా, "అది మనది కాదు బేటా, మస్జిద్‌ది. చోటు లేదని మా అత్తగారి దగ్గర పెట్టారు" అంది. తర్వాత ఇంకో రెండు బయటపడ్డాయి. ఒక రజాయి పక్కింటి యాదమ్మది, చలికాలంలో ఇచ్చింది. కుట్టుమిషన్ ఫుప్పమ్మ చెల్లెలిది, రిపేరుకు వచ్చి ఉండిపోయింది.

నాకు సీరత్‌లోని ఆ రాత్రి గుర్తొచ్చింది. 622లో ప్రవక్త (స) మక్కా వదిలి మదీనాకు హిజ్రత్ చేశారు. ప్రాణం తీయాలని చూస్తున్న ఖురైషీలలో కొందరి సొమ్ము కూడా అమానత్‌గా ఆయన దగ్గరే ఉంది. ఆయన హజ్రత్ అలీ (రజి)ని వెనక ఉంచారు. ఎవరి అమానత్ వారికి అప్పజెప్పి, తర్వాతే రమ్మన్నారు. మనం హిజ్రత్ గురించి ఎన్నో బయాన్‌లు వింటాం, ఈ సంగతి సామాన్ సర్దేటప్పుడు మాత్రం గుర్తుకు రాదు.

నోట్‌బుక్‌లో పాత పేజీ కొట్టేసి కొత్త పేజీ మొదలుపెట్టాను. 'పంపాల్సినవి', 'ఉంచాల్సినవి' అనే రెండు వరుసలకు ముందు ఇంకో వరుస గీశాను: 'వాపస్ ఇవ్వాల్సినవి'. అది నిండాక మిగతా రెండూ చాలా చిన్నవయ్యాయి. పాన్‌దాన్, రెండు రజాయిలు ఓడకు. పలంగ్ ఫుప్పమ్మ ఇంట్లో పనిచేసే అమ్మాయి షాదీకి. ఖురాన్ సంగతి పురావస్తు శాఖ కాగితం వచ్చేదాకా నా దగ్గర అమానత్. రసీదు నకళ్లు మూడు తీయించాం.

మగ్రిబ్‌కు ముందు నలుగురు కుర్రాళ్లు వచ్చి దేగ్‌ను ఆటోట్రాలీలో ఎక్కించుకుని మస్జిద్‌కు తీసుకెళ్లారు. ఫుప్పమ్మ గడప దాకా వచ్చి చూసింది. "కెనడాలో అంత పెద్ద చూల్హా ఉంటుందా బేటా?" అని అడిగింది. ఉండదన్నాను. "అయితే మంచిదే" అని లోపలికి వెళ్లి వజూ చేసుకుంది.