కరెంటు, నీళ్ళు కలిపిన అద్దె (అబిడ్స్, నాంపల్లి)

కరెంటు, నీళ్ళు కలిపిన అద్దె అనగా విద్యుత్తు, నీటి ఛార్జీలను విడిగా వసూలు చేయక నెలసరి అద్దెలోనే చేర్చే పద్ధతి. హైదరాబాదులోని అబిడ్స్, నాంపల్లి ప్రాంతాలలో విద్యార్థులు, చిరుద్యోగులు ఉండే గదులలోను, హాస్టళ్ళలోను ఇది కనిపిస్తుంది. 1907లో ప్రారంభమైన నాంపల్లి రైల్వే స్టేషను (అధికారిక నామం హైదరాబాదు దక్కన్) పరిసరాలలో లాడ్జీలు, అద్దె గదులు ఎక్కువ. కొద్ది నెలలు మాత్రమే ఉండే అద్దెదారుకు ఒకే మొత్తం చెల్లించడం సులువు. బిల్లు పెరిగితే ఆ భారం మొదట యజమానిపై పడుతుంది, తరువాతి ఏడాది అద్దెలోకి చేరుతుంది.

శ్లాబుల ప్రభావం

గృహ విద్యుత్తు ధర వాడకాన్ని బట్టి మెట్లుమెట్లుగా పెరుగుతుంది. తెలంగాణలో 2022-23లో నిర్ణయించిన ధరల ప్రకారం నెలకు 100 యూనిట్లు వాడిన ఇంటికి తొలి 50 యూనిట్లకు రూ.1.95, తరువాతి 50కి రూ.3.10 చొప్పున రూ.252.50 అవుతుంది. వేర్వేరు మీటర్లున్న మూడు పోర్షన్లు ఇంతే వాడితే మొత్తం రూ.757.50. అవే మూడు పోర్షన్లు ఒకే మీటరుపై ఉంటే వాడకం 300 యూనిట్లుగా లెక్కకు వచ్చి, తొలి 200 యూనిట్లకు రూ.5.10, మిగిలిన 100కు రూ.7.70 చొప్పున రూ.1,790 అవుతుంది. స్థిర ఛార్జీలు, సుంకం వీటికి అదనం. ఎవరూ ఒక్క దీపమైనా అదనంగా వెలిగించకుండానే బిల్లు రెట్టింపు దాటుతుందన్నమాట.

2024 మార్చి నుండి అమలైన గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల వరకు వాడే అర్హులైన తెల్లకార్డు కుటుంబాలకు బిల్లు ఉండదు. అద్దెదారులూ అర్హులే. అయితే ఉమ్మడి మీటరు 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం చెల్లించవలసి వస్తుంది. పోర్షనుకొక సర్వీసు తీసుకున్నచోట ఈ చిక్కు లేదు.

సబ్‌మీటరు

వేరే సర్వీసు లేనిచోట యజమానులు గదికొక సబ్‌మీటరు అమర్చుకుంటారు. ఇది వారి సొంత ఏర్పాటు మాత్రమే; విద్యుత్తు సంస్థ తన ప్రధాన మీటరు రీడింగునే లెక్కిస్తుంది. ప్రధాన మీటరుకు, సబ్‌మీటర్ల మొత్తానికి మధ్య తేడా ఎక్కువగా నీటి మోటారుది, మెట్లమీది దీపాలది. దానిని సమానంగా పంచడం న్యాయం. అందరి దగ్గరా గరిష్ఠ శ్లాబు ధర వసూలు చేసే యజమానికి బిల్లు కంటే ఎక్కువ ముడుతుంది. అద్దెదారు ప్రతినెలా అసలు బిల్లు చూపమని అడగడం మేలు. మరికొందరు కొన్ని యూనిట్లు అద్దెలో చేర్చి, పైబడిన వాటికే డబ్బు తీసుకుంటారు. ఇరుపక్షాలకూ ఇదే ఎక్కువ అనువైనది.

హాస్టళ్ళలో పొదుపు ప్రధానంగా గీజరుతో ముడిపడి ఉంది. 2,000 వాట్ల గీజరు గంటకు 2 యూనిట్లు కాలుస్తుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు అంత విద్యుత్తుతో 220 గంటలకు పైగా వెలుగుతుంది. కనుకనే వేడినీటికి వేళలు పెట్టడం, గదులలో ఇస్త్రీపెట్టెను, కరెంటు పొయ్యిని నిషేధించడం పరిపాటి.

నీరు

నగరంలో నీటి సరఫరాను 1989లో ఏర్పడిన జలమండలి నిర్వహిస్తున్నది. గృహ వినియోగదారులకు నెలకు 20,000 లీటర్ల వరకు ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది. దీనికి ఆధార్ అనుసంధానం అవసరం. వేసవిలో ట్యాంకరు తెప్పిస్తే ఆ ఖర్చు ఎవరిదో కిరాయినామాలో ముందే వ్రాసుకోకపోతే తగాదాలు వస్తాయి.

చట్టం

1960 నాటి భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం ప్రకారం, తగిన కారణం లేకుండా అద్దెదారు అనుభవిస్తున్న సౌకర్యాలను యజమాని నిలిపివేయరాదు. అలా చేస్తే అద్దెదారు రెంట్ కంట్రోలరును ఆశ్రయించవచ్చు. అద్దె నిర్ణీత పరిమితిని మించిన భవనాలకు ఈ చట్టం వర్తించదు. అటువంటి చోట కిరాయినామాలోని షరతులే కీలకమవుతాయి.