టంకపు బల్ల – మన తోటల్లో రేడియో కట్టినవారి చరిత్ర

మన తాతముత్తాతలు మలయాకు ఎందుకు వచ్చారని పిల్లలను అడిగితే, రబ్బరు గీయడానికి, కొబ్బరి తోటల్లో పని చేయడానికి అని వెంటనే చెప్పుదురు. అది సరియైన జవాబే. కాని పగటి పని అయిన తరువాత, లైన్ ఇంటి వసారాలో కిరసనాయిలు దీపం పక్కన కొందరు చేసిన పని మరొకటి వున్నది. దానికి కూలి లేదు, చెక్‌రోలులో పేరు లేదు. పాడైన రేడియోలు విప్పడము, విప్పిన సామానుతో కొత్తవి కట్టడము. రామాలయాలను గురించి, తెలుగు బడులను గురించి పెద్దలు సంచికల్లో వ్రాస్తూనే వున్నారు. ఈసారి ఒక చిన్న బల్ల చరిత్ర వ్రాయుటకు అనుమతించిన సంపాదకవర్గానికి కృతజ్ఞులము. మేము ముప్పై ఏళ్ళు మలాయి భాషలో పాఠాలు చెప్పినవారము. తెలుగు మాత్రం సాయంకాలపు తరగతిలో, తల నెరసిన తరువాత నేర్చినవారము. తప్పులుంటే దిద్దుకొని చదవగోరుతాము.

ఆ బల్ల మీది సామానులో చాలా భాగం ఈ నేలలో పుట్టినదే అన్న సంగతి మాకు చాలా కాలం తెలియదు. టంకపు తీగ చూడండి. పాత టంకంలో నూటికి అరవై పాళ్ళు తగరము, నలభై పాళ్ళు సీసము. 183 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మెత్తబడి, 190 లోపల నీరవుతుంది. పేరా రాష్ట్రంలోని కింతా లోయ ఆ తగరానికి పుట్టినిల్లు. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుండి చాలా దశాబ్దాలు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ తగరము తీసినది మలయాయే. తీగల మీది తొడుగు రబ్బరు. రబ్బరు చెట్టు ఇక్కడికి రాకముందే గెటా పెర్చా అనే అడవి చెట్టు పాలు వుండేవి. 1843లో మాంట్‌గోమరీ అనే వైద్యుడు ఆ పాల గడ్డలను లండనుకు పంపితే, నీటిలో పాడు కాని గుణం చూసి, 1851లో ఇంగ్లండుకు ఫ్రాన్సుకు నడుమ సముద్రంలో వేసిన టెలిగ్రాఫు తీగకు దానినే తొడిగించారు. తీగ లోపలి రాగి మాత్రం మనది కాదు.

ఈ దేశానికి రేడియో వచ్చినది కూడా సర్కారు వల్ల కాదు, సరదాపడినవారి వల్లనే. 1921లో జొహోరు సర్కారులో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుగా వున్న బర్చ్ అనే దొర మొదటి సెట్టు తెచ్చి, జొహోరు వైర్‌లెస్ సంఘం పెట్టినాడు. ఆ తరువాత కౌలాలంపూరులో మరొక ఔత్సాహిక సంఘం బుకిత్ పెటాలింగు నుండి ప్రసారం మొదలుపెట్టినది. వారంతా దొరలు, డబ్బు గలవారు. రేడియో మలయా అనే సర్కారు శాఖ 1946 ఏప్రిల్ 1న గాని ఏర్పడలేదు.

నడుమ యుద్ధం వచ్చినది. జపానువారి పాలనలో, 1942 నుండి 1945 వరకు, బయటి దేశాల వార్తలు వినడం పెద్ద నేరము. సెట్టును అధికారుల దగ్గరకు తీసుకుపోయి, షార్ట్‌వేవ్ చుట్టను తీసివేయించి, ముద్ర వేయించుకోవలసి వుండేది. పేరాలోనే పాపాన్ అనే చిన్న వూరిలో సిబిల్ కతిగాసు అనే నర్సు ఒక సెట్టు దాచి, రాత్రివేళ బి.బి.సి. వార్తలు వినేది. ఆ సెట్టుకు జోసెఫీన్ అని ముద్దుపేరు. అడవిలోని గెరిల్లాలకు వైద్యం చేసినందుకు, రేడియో దాచినందుకు 1943లో ఆమెను పట్టుకొని చిత్రహింసలు పెట్టారు. మళ్ళీ సరిగా నడవలేకపోయినది. బ్రిటనులో చికిత్స పొందుతూ 1948లో కన్నుమూసినది. జార్జి పతకం పొందినది. మా విద్యార్థులకు ఈ కథ చెప్పినప్పుడల్లా ఒకటే ప్రశ్న వచ్చేది, "రేడియో వింటే కొడతారా సార్?" అని.

ఇక మా ఇంటి బల్ల సంగతి. మా పెదనాన్న శ్రీకాకుళం వైపు పుట్టి, తాతగారి చెయ్యి పట్టుకొని పసివాడుగా ఓడ దిగినవాడు. దిగువ పేరాలో ఒక కొబ్బరి తోటలో ఇంజను డ్రైవరు. కరెంటు దొర బంగళాకు, ఆఫీసుకు తప్ప లైన్లకు లేదు. యుద్ధం అయిన తరువాత సైన్యం వదిలిపోయిన సామాను చౌకగా అమ్ముతుంటే కొని, విప్పి, చూసి నేర్చుకున్నాడు. ఇంగ్లీషు రాదు. ప్రాక్టికల్ వైర్‌లెస్ పత్రిక పాత కాపీలు కిరాణీగారి ఇంటి నుండి తెచ్చి బొమ్మలు మాత్రం చదివేవాడు. టంకం కడ్డీని బొగ్గుల కుంపటిలో కాల్చేవాడు. కాలిన కడ్డీని తడి గుడ్డ మీద తుడిస్తే సుయ్ మనే శబ్దము, రాజనపు పొగ వాసన. మా బాల్యంలో సాంబ్రాణి తరువాత అదే.

1950ల చివరలో బ్యాటరీతో నడిచే వాల్వులు దొరికినవి. డి.కె. 96, డి.ఎఫ్. 96, డి.ఎ.ఎఫ్. 96, డి.ఎల్. 96 అని నాలుగు. వాటికి రెండు బ్యాటరీలు కావాలి. వాల్వుల లోపలి తీగ వేడెక్కడానికి ఒకటిన్నర వోల్టు, మిగతా పనికి 90 వోల్టులు. ఆ నాలుగింటితో పెదనాన్న ఒక సెట్టు కట్టినాడు. పెట్టె టీ పెట్టె చెక్కతో చేసినది. అంగళ్ళలో అమ్మే సెట్టు వుండగా ఇంత శ్రమ ఎందుకని అడిగేవారికి ఆయన జవాబు ఒకటే: అంగడి సెట్టులో మద్రాసు రాదు. అది నిజమే. ఆ రోజుల్లో మద్రాసు స్టేషను రాత్రిపూట అరవై మీటర్ల దగ్గర షార్ట్‌వేవ్‌లో వచ్చేది. అమ్మకపు సెట్లు చాలావాటికి ఆ బ్యాండు వుండదు. ఆయన చుట్టను చేత్తో చుట్టి, ఒక్కొక్క చుట్టు విప్పుతూ, మద్రాసు దొరికేదాకా మూడు రాత్రులు కూర్చున్నాడట. రెండు కొబ్బరి చెట్ల నడుమ రాగి తీగ కట్టినాడు. ఎమర్జెన్సీ కాలం గనుక, ఆ తీగ ఎందుకని మేనేజరు ఒకసారి విప్పించాడు. వారం తరువాత అది బట్టలు ఆరవేసే తీగగా మళ్ళీ పైకి పోయినది.

రేడియో మలయాలో భారతీయుల వంతుకు వినబడినది ఎక్కువగా అరవమే. అందుకే మద్రాసు నుండి తెలుగు కార్యక్రమం వచ్చే రాత్రి మా వసారా నిండిపోయేది. శబ్దం పొంగుతూ, తగ్గుతూ, సముద్రపు అలలాగా వచ్చేది. సగం అర్థం కాకపోయినా ఎవరూ లేవరు. మా నాయనమ్మ మాత్రం స్టేషను కరకరలాడినప్పుడు పెట్టెను తిట్టేది, తెలుగులోనే.

1968లో వచ్చిన చట్టం ప్రకారం పౌరసత్వం లేనివారికి పని చేయడానికి పర్మిట్టు తప్పనిసరి అయినది. మా నాన్న ఇక్కడ పుట్టినవాడు, కాగితాలున్నవి. పెదనాన్న ముప్పై ఏళ్ళకు పైగా ఇక్కడే వున్నా కాగితాలు తీసుకోలేదు. 1969లో పెనాంగు రేవులో రజులా ఓడ ఎక్కినాడు. అప్పటికి మాకు తొమ్మిదేళ్ళు. సెట్టు, టంకం కడ్డీ నాన్నకు వదిలినాడు.

తరువాతి సంవత్సరం ఆయన ఉత్తరం వచ్చినది. నాన్న చదివినది అరవ బడిలో. తెలుగు మాట్లాడును, చదవలేడు. లైన్లలోని ఒక ముసలాయన చదివి వినిపించాడు. క్షేమము, పంటలు, పెళ్ళిళ్ళు. వెనుక పేజీలో గీతల బొమ్మ, దాని కింద నాలుగు వాక్యాలు వుంటే, "ఇదేదో మీ రేడియో లెక్క, నాకు తెలియదు" అని మడిచి ఇచ్చాడు. మరొక ఉత్తరం వచ్చినది. దానిలోనూ చివర ఏదో రేడియో మాట వున్నదన్నాడు.

ఈలోగా సెట్టు బ్యాటరీలను తినసాగినది. మూడు నెలలు రావలసిన 90 వోల్టుల బ్యాటరీ మూడు వారాలకే అయిపోయేది. నాన్న తన చేతకానితనం అనుకున్నాడు. 1971లో జపాను ట్రాన్సిస్టరు కొని, పెదనాన్న సెట్టును అటక ఎక్కించాడు. దానిలో మద్రాసు రాలేదు.

1972లో పెనాంగులో బాయాన్ లెపాస్ ఫ్రీ ట్రేడ్ జోను తెరిచారు. అమెరికా, జర్మనీ, జపాను కంపెనీలు వచ్చినవి. తోటల నుండి ఆడపిల్లలు బస్సెక్కి పోయినారు. మా చిన్నత్త అలా పోయినవారిలో ఒకతె. వెంట్రుక కంటే సన్నని బంగారు తీగను మైక్రోస్కోపులో చూస్తూ చిప్పుకు కలపడం పని. ఇంటికి వచ్చినప్పుడు కళ్ళు నలుపుకుంటూనే వుండేది; నలభై నిండకుండానే లావు అద్దాలు వచ్చినవి. మగపిల్లలం మేము కౌలాలంపూరులో పాసర్ రోడ్డు అంగళ్ళలో సామాను కొని, 555 అనే ఐ.సి.తో లైట్లు వెలిగించి గొప్పలు పోతుంటే, నాన్న ఆ నల్ల పురుగును అరచేతిలో పెట్టుకొని, "ఇది మీ అత్త కుట్టినదేమో, కాల్చకండిరా" అనేవాడు. రేడియో చరిత్రలు మగవారి పేర్లతోనే వ్రాస్తారు. బంగారు తీగ కుట్టినవారు వేలమంది.

కింతా తగరము సంగతి వేరు. 1985 అక్టోబరులో లండను మార్కెట్టులో తగరము ధర కూలిపోయినది, గనులు వరుసగా మూతబడినవి. 2006 తరువాత యూరపు నియమాల వల్ల కర్మాగారాలు సీసం లేని టంకానికి మారినవి. అది 217 డిగ్రీలు దాటితే గాని కరగదు. మాకు పాతదే అలవాటు.

నాన్న పోయిన తరువాత ఆ ఉత్తరాలు మా చేతికి వచ్చినవి. సాయంకాలపు తరగతిలో చేరినది, నిజం చెప్పాలంటే, వాటి కోసమే. రెండవ సంవత్సరంలో, గుణింతాలు వెతుక్కుంటూ, వెనుక పేజీ చదివినాము. "తమ్ముడూ, ఆఖరు వాల్వు ముందు 0.01 మైనం కండెన్సరు తొందరలో పాతది వేసినాను. అది కారుతుంది. మార్చు. లేకుంటే బ్యాటరీ తినేస్తుంది, వాల్వు పోతుంది." రెండవ ఉత్తరం చివర, "కండెన్సరు మార్చినావా, ఏమీ వ్రాయలేదు" అని వున్నది. 1978లో ఆయన పోయినట్టు కబురు వచ్చినది.

అటక మీది సెట్టు దింపి చూసినాము. ఆ కండెన్సరు అక్కడే వున్నది, మైనం కరిగి కారి వున్నది. దాని లోపలి నుండి కరెంటు కారితే డి.ఎల్. 96 అవసరం కంటే ఎక్కువ లాగుతుంది, అంతే సంగతి. పాసర్ రోడ్డులో 400 వోల్టుల కొత్త కండెన్సరు ఒక రింగిటు కూడా కాలేదు. 90 వోల్టుల బ్యాటరీలు ఇప్పుడు అంగళ్ళలో లేవు గనుక, తొమ్మిది వోల్టుల చిన్నవి పది వరుసగా కలిపినాము. వాల్వులు నాలుగూ బాగున్నవి. అరవై మీటర్ల దగ్గర మద్రాసు వినబడలేదు. చైనా స్టేషను ఒకటి, చాలా కరకర, వినబడినవి.

పండుగ రెండు రోజులూ ఆ సెట్టు భోజనశాల ద్వారం పక్కన బల్ల మీద వుంటుంది. పిల్లలు ముందు బొత్తాలు తిప్పవచ్చును. వెనుక చేయి పెట్టనివ్వకండి, 90 వోల్టులు వున్నవి. ఉత్తరం నకలు అద్దం కింద పెట్టినాము, చదవగలిగినవారు చదవవచ్చు.