పర్ణశాల పొరుగున మాయలేడి

2020 ఏప్రిల్. శ్రీరామనవమి వెళ్ళిపోయింది. ఏటా మిథిలా స్టేడియంలో ఇసుక వేస్తే రాలనంత జనం మధ్య జరిగే భద్రాద్రి రాముడి కల్యాణం ఈసారి భక్తులు లేకుండా ఆలయంలోనే జరిగింది. దేశమంతా లాక్‌డౌన్. మీరిప్పుడు దుమ్ముగూడెం మండలంలో, పర్ణశాలకు దగ్గర్లో, అడవి అంచున ఉన్న ఓ కోయగూడెంలో ఉన్నారు. రాత్రి తొమ్మిది కావస్తోంది.

గాలి నిండా ఇప్పపూల వాసన. తెల్లవారుజామున ఏరుకొచ్చిన పూలు వాకిట్లో చాపల మీద ఆరబోసి ఉన్నాయి. కల్లంలో మిరపకాయల కుప్ప మీద పట్టా కప్పి నాలుగు మూలలా రాళ్ళు పెట్టారు. కొనేవాళ్ళు రాక పంట అక్కడే ఆగిపోయింది. గోదావరి ఇక్కడికి కనబడదు. కానీ ఏటి దారి ఎటని ఎవరినడిగినా తల తిప్పకుండానే చెయ్యి చూపిస్తారు.

గూడెంలో ఈ ఇంటి టీవీని వసారాలోకి తెచ్చి ఇనప పెట్టె మీద పెట్టారు. డిష్ పెంకుల మీద ఉంది. గాలికి కదలకుండా దాన్ని తీగతో వాసానికి బిగించి కట్టారు. ఆడవాళ్ళు గోడ వారగా, మగవాళ్ళు వాకిట్లో నులక మంచాల మీద, పిల్లలు అందరికన్నా ముందు. ఆశా కార్యకర్త చెప్పింది గనక పెద్దవాళ్ళు కాస్త ఎడంగా కూర్చున్నారు, మూతికి తువ్వాళ్ళు చుట్టుకున్నారు. పిల్లల్ని ఎడంగా కూర్చోబెట్టడం మాత్రం ఎవరి తరమూ కాలేదు. మీకు ఓ మంచం కోడు పక్కన చోటు దొరికింది. ఓ అవ్వ చెంబుతో మంచినీళ్ళు ఇచ్చి, "కూసో నాయనా, ఇయ్యాల సీతమ్మను ఎత్తుకుపోతడు" అంది, ఊళ్ళో జరగబోయే సంగతి చెప్పినట్టే.

తెర మీద రవీంద్ర జైన్ గొంతు లేచింది. వాకిలి సద్దుమణిగింది.

రామానంద్ సాగర్ ‘రామాయణ్’ ఇది. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో మొదలై 1988 జూలై 31 దాకా ఆదివారం ఉదయాల్ని ఏలిన సీరియల్. అప్పట్లో బస్సులు ఆగిపోయేవి, బజార్లు ఖాళీ అయ్యేవి, కొన్ని ఇళ్ళలో టీవీకి పూలదండ వేసి హారతి ఇచ్చేవారు. 33 ఏళ్ళ తర్వాత, జనమంతా ఇళ్ళలో బందీలైన వేళ, 2020 మార్చి 28 నుంచి దాన్ని మళ్ళీ మొదలుపెట్టారు. రోజూ ఉదయం తొమ్మిదికి ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి. మాటలన్నీ హిందీ. ఈ వసారాలో హిందీ వచ్చినవాళ్ళు బడికెళ్ళే పిల్లలిద్దరే, అదీ అంతంత మాత్రం. అయినా ఎవరికీ ఇబ్బంది లేదు. తెర మీద హిందీ నడుస్తుంటే తాత తెలుగులో చెబుతున్నాడు, గోడ వారన ఆడవాళ్ళు కోయలో గుసగుసలాడుకుంటున్నారు. కథ అందరికన్నా ముందే నడుస్తోంది.

మారీచుడి ఘట్టం వచ్చింది. బంగారు లేడిగా మారి రాముణ్ని దూరం తీసుకెళ్ళే పని తనవల్ల కాదని, రాముడి జోలికి పోవద్దని రావణుడికి చెబుతున్నాడు. రావణుడు వినడం లేదు. వినకపోతే చంపుతానంటున్నాడు.

"మారీచుడు చెడ్డోడు గాదురా" అన్నాడు తాత మనవడితో. "ఈని చేతుల చచ్చే బదులు రాముని చేతుల చస్తే మేలనుకున్నడు. ఇంక చేసేదేముంది!"

మనవడు తలాడించాడు. అద్భుతాల కథలో రాక్షసుడికీ ఓ బాధ ఉంటుందని, భయపడి తప్పు చేసేవాడు వేరు, మదమెక్కి చేసేవాడు వేరని, ఆ పిల్లాడికి రెండు ముక్కల్లో తెలిసిపోయింది.

అంతలో బంగారు లేడి గెంతుతూ వచ్చింది. పిల్లలు మోకాళ్ళ మీద లేచారు. ఈ రోజుల సినిమాల గ్రాఫిక్స్ ముందు ఇది ఏ మూలకూ రాదు. గుజరాత్‌లోని ఉమర్‌గావ్ స్టూడియోలో, ఉన్న కాసిని యంత్రాలతో తీసిన మాయ ఇది. బొమ్మ మీద బొమ్మ అతికించిన చోట మనిషి చుట్టూ సన్నటి అంచు మెరుస్తుంది. బాణాలు ఎదురెదురుగా వచ్చి గాలిలో ఢీకొని నిప్పులు కక్కుతాయి. ఐదో తరగతి చదివే పిల్ల ఆ అంచు కనిపెట్టింది, వేలు పెట్టి చూపించింది కూడా. అయినా లేడి చెట్ల చాటుకు తప్పుకోగానే ఆ పిల్లే ముందుకు వంగింది.

రాముడు విల్లు తీసుకుని బయలుదేరాడు. మంచాల మీది మగవాళ్ళు ఇప్పుడు శ్రద్ధగా చూస్తున్నారు. దూలానికి వేలాడదీసిన వెదురు విల్లు ఈ ఇంట్లోనూ ఉంది. కోయ ఇళ్ళలో విల్లు పండగ నాడు తీసి చూసుకునే వస్తువు కాదు, చిన్ననాటి నుంచి చేతికి అలవాటైనది. అరుణ్ గోవిల్ నారి లాగుతుంటే ఓ నడివయసు మనిషి తన భుజాన్ని కొంచెం వెనక్కి జరిపాడు. తనకు తెలియకుండానే తనూ లాగుతున్నాడు. బాణం తగిలింది. రాముడి గొంతుతో మారీచుడు సీతనూ లక్ష్మణుణ్నీ కేకేశాడు. గోడ వారన ఎవరో, "పోకు లచ్చన్నా, పోకు" అన్నారు. లక్ష్మణుడు వెళ్ళక తప్పలేదు. వెళ్ళేముందు గీత గీశాడు.

వాల్మీకిలో ఈ గీత లేదు. తెలుగులో రంగనాథ రామాయణంలో ఉంది. జనం నోట శతాబ్దాలుగా ఉంది, అందుకే సీరియల్లోకీ వచ్చింది. సన్యాసి వేషంలో వచ్చిన రావణుడు అడుగు ముందుకేయబోతే గీత భగ్గున మండింది. పిల్లలు కేరింత కొట్టారు. ఒక్క క్షణం రావణుడు ఓడిపోయాడు. కానీ అవ్వ ముఖంలో నవ్వు లేదు. "భిచ్చం అడిగినోణ్ని ఒట్టిగ ఎట్ల పంపుతది తల్లి! గీత దాటుతది" అంది.

ఆ మాట దగ్గరే మీకు కథ గుండె దొరుకుతుంది. రావణుడు బలంతో గెలవలేడు. సీతమ్మ మంచితనాన్నే ఆయుధంగా వాడుకున్నాడు. ఆకలి అని చెయ్యి చాపితే పెట్టే ఇల్లు గనక మోసపోయింది. గడప దాటిన మనిషిని తప్పుపట్టే మాట ఈ వసారాలో ఒక్కరి నోటా రాలేదు. ఇచ్చిన చెయ్యిది తప్పు కాదని, వేషం వేసినవాడిదే తప్పని వీళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

జోలె విసిరికొట్టి రావణుడు నిజరూపంలో నిలబడ్డాడు. అరవింద్ త్రివేది. గుజరాతీ రంగస్థలం నుంచి వచ్చిన నటుడు. ఆ నవ్వుకు పిల్లల్లో చిన్నది వెళ్ళి తల్లి ఒడిలో దూరింది. మన తెలుగువాళ్ళకు రావణుడంటే ఒట్టి దుర్మార్గుడు కాదు. 1958లో ‘భూకైలాస్’, 1961లో ‘సీతారామ కల్యాణం’ చూసినవాళ్ళు ఎన్టీ రామారావు రావణుడికి చేతులెత్తారు. ఆ తర్వాత ‘సంపూర్ణ రామాయణం’లో ఎస్వీ రంగారావు రాజసానికి తలవంచారు. చదువు, సంగీతం, శివభక్తి, పరాక్రమం అన్నీ ఉన్నవాడు ఒక్క అధర్మానికి ఎలా కూలతాడో చూపించడానికే మన నటులు ఆ పాత్రకు అంత గౌరవమిచ్చారు. త్రివేదిలోనూ ఆ గౌరవం ఉంది. ఈ ఏప్రిల్‌లోనే ముంబైలో తన ఇంట్లో ఇదే సీతాపహరణం చూస్తూ, తెర మీద తను చేసిన పనికి ఆ పెద్దాయన చేతులు జోడించి దణ్ణం పెట్టుకున్న వీడియో దేశమంతా తిరిగింది.

ఇక్కడ కరెంటు పోయింది.

చీకట్లో ఒక్కసారిగా గోల. మరుక్షణం తాత గొంతు లేచింది. టీవీ ఆగినంత మాత్రాన కథ ఆగదు. "మన ఏటికి అవతల గుట్ట లేదూ, రావణుడు రథం ఆపింది ఆడనే. సీతమ్మ చీరలు ఆరేసిన చారలు వాగు రాళ్ళ మీద ఇప్పటికీ ఉన్నయి. పసుపు రాయి, కుంకుమ రాయి మీరంతా చూసిందే గదా." పిల్లలు చూశారు. సీతవాగు వాళ్ళకు ఈత కొట్టే చోటు. పర్ణశాలలో లేడి, సన్యాసి, గుమ్మంలో సీతమ్మ బొమ్మల మధ్య వాళ్ళు దాగుడుమూతలు ఆడుకున్నారు. ఖరదూషణుల్నీ పద్నాలుగు వేల మంది రాక్షసుల్నీ రాముడు హతమార్చింది దుమ్ముగూడెంలోనే అని పెద్దలు చెబుతారు. రాముడి పంచవటి ఇదేనని ఇక్కడివాళ్ళు, తమదేనని నాసిక్ వాళ్ళు అంటారు, ఎవరి నమ్మకం వాళ్ళది. ఈ గూడేనికి మాత్రం కథలో ప్రతి మలుపుకూ ఓ రాయి, ఓ వాగు, ఓ గుట్ట ఉంది. నడిచి వెళ్ళి చూసి రావచ్చు.

కరెంటు వచ్చింది. సీతమ్మ ఆకాశంలో ఉంది. జటాయువు ఎదురొచ్చాడు.

ఈ సీరియల్లో అన్నిటికన్నా తేలిపోవాల్సిన ఘట్టం నిజానికి ఇదే. అతికించినట్టు తెలిసే రెక్కలు, బొమ్మలా కదిలే ముక్కు. కానీ ఎవరూ నవ్వలేదు. వాల్మీకిలో జటాయువు తన వయసు అరవై వేల ఏళ్ళని రావణుడితో తనే చెబుతాడు. నేను ముసలివాణ్ని, నీకు వయసుంది, విల్లుంది, కవచముంది, రథముంది, అయినా నేను బతికుండగా సీతను తీసుకుపోలేవు అంటాడు. గెలవనని తెలుసు. తెలిసే దారికి అడ్డం నిలబడ్డాడు. కత్తి లేచింది, రెక్క తెగింది, పక్షి నేల రాలింది. మంచం మీది తాత తువ్వాలు మూతి మీంచి కళ్ళ మీదికి జరిగింది.

ఎపిసోడ్ అయిపోయింది. పిల్లాడొకడు అడిగాడు, "తాతా, జటాయువు అంటే గద్దా?"

"గద్ద గాదురా. రాబందు. నా చిన్నప్పుడు గొడ్డు చస్తే మబ్బు కమ్మినట్టు దిగేవి."

వసారాలో ఉన్న పిల్లల్లో ఒక్కరూ రాబందును చూడలేదు. చూసే వీలే లేకుండా పోయింది. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫినాక్ మందు వాటి కళేబరాల్లో మిగిలి, తిన్న రాబందుల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. 1990ల నుంచి దేశంలో నూటికి తొంభైకి పైగా రాబందులు చచ్చిపోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. ఈ గోదావరి పరీవాహకంలోనే ఎగువన, బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద కొన్ని గూళ్ళు పెట్టుకుని బతికాయి. జటాయువు కోసం ఏడ్చే నేల మీద జటాయువు జాతికే చోటు కరవు కావడం మన కాలం చేసిన పాపం. దాన్ని దిద్దుకోవడం మన చేతుల్లోనే ఉంది.

ఈ రాత్రి చూసిన కథలో వీరుడెవరని నన్నడిగితే రాముడని చెప్పను. రాముడి విజయం లంకలో, ఇంకా చాలా దూరంలో ఉంది. ఇవాళ్టి వీరుడు ఓడిపోయిన ఆ ముసలి పక్షే. తండ్రికి చేయలేకపోయిన అంత్యక్రియలు రాముడు జటాయువుకు చేశాడు, గోదావరిలో దిగి నీళ్ళు వదిలాడు. అంతటి మర్యాద దక్కింది కాబట్టే జటాయువు పడింది తమ ఊళ్ళోనే అని మన లేపాక్షి చెప్పుకుంటుంది, కేరళలో చడయమంగళం చెప్పుకుంటుంది, భద్రాచలాన్ని ఆనుకుని ఉన్న ఏటపాక చెప్పుకుంటుంది. తెగిన రెక్క పడిన చోటు తమదని వి.ఆర్.పురం మండలంలో రేకపల్లి చెప్పుకుంటుంది. గెలిచినవాడి కోసం ఊళ్ళు పోటీపడటం మామూలే. అన్యాయాన్ని చూసి పక్కకు తప్పుకోనందుకు ప్రాణం పోగొట్టుకున్నవాడి కోసం ఇన్ని ఊళ్ళు పోటీపడటమే మన జనం ధర్మబుద్ధికి సాక్ష్యం.

2014లో పోలవరం ప్రాజెక్టు కోసం మండలాల్ని విడదీసినప్పుడు ఏటపాక ఆంధ్రలోకి వెళ్ళింది. భద్రాచలం, పర్ణశాల తెలంగాణలో ఉండిపోయాయి. ఇప్పుడు రాముడి గుడి నుంచి పర్ణశాలకు పోయే రోడ్డు నడుమ ఆంధ్రను దాటి మళ్ళీ తెలంగాణలోకి వస్తుంది. సరిహద్దు మారినా కథ ఒక్కటే, దారీ ఒక్కటే. భద్రాద్రికి వచ్చేవాళ్ళు రాముణ్ని చూసి, పర్ణశాలలో బొమ్మల ముందు ఫోటో దిగి వెళ్ళిపోతుంటారు. మీరు వస్తే మాత్రం ఏటపాకలో కాసేపు ఆగండి. వెంట పిల్లలుంటే, గెలవనని తెలిసీ ఎదురు నిలిచిన ఆ పక్షి కథ అక్కడే నిలబడి చెప్పండి.