ఊట మీద కప్పు

కిందటేడు అమ్మ లాస్ వేగాస్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు, అందరూ చూపించే జూదశాలల వీధికి కాకుండా ఊరి నడిబొడ్డుకు మూడు మైళ్లు పడమరగా ఉన్న స్ప్రింగ్స్ ప్రిజర్వ్‌కి తీసుకెళ్లాను. లాస్ వేగాస్ అంటే స్పానిష్‌లో పచ్చిక బయళ్లు. ఆ పచ్చికకు నీళ్లిచ్చి ఆ పేరు పెట్టించిన ఊటలు ఉండేది అక్కడే.

దారి పక్కన మెస్కీట్ చెట్టు కనబడగానే అమ్మ ఆగిపోయింది. రాలిన కాయ ఒకటి తీసి గోటితో చీల్చి, "ఇది మన సర్కారు తుమ్మేగా!" అంది. రెండూ దగ్గరి చుట్టాలే. మన సర్కారు తుమ్మ పుట్టిల్లు అమెరికా ఖండమే.

ఆ చెట్ల నడుమ ఊట మీద కట్టిన చిన్న ఇల్లు ఉంది. వయసు నూరేళ్లు దాటింది. కట్టింది రైలు కంపెనీ. లాస్ ఏంజిలిస్ నుంచి సాల్ట్ లేక్‌కి వెళ్లే ఆవిరి ఇంజన్లకు ఈ ఎడారిలో నీళ్లే ప్రాణం. అందుకే 1902లో హెలెన్ స్టీవర్ట్ అనే ఆవిడ దగ్గర సుమారు 1,800 ఎకరాలు, ఊటలతో సహా, 55 వేల డాలర్లకు కొన్నారు. భర్త సమాధి ఉన్న నాలుగెకరాలు మాత్రం ఆమె ఇవ్వలేదు. 1905 మే 15న ఇళ్ల స్థలాలు వేలం వేశారు. ఊరు పుట్టింది.

పశువులూ చెత్తా పడకుండా ఊటకు కప్పు వేశారు. అక్కణ్ణుంచి రెడ్‌వుడ్ చెక్క గొట్టాల్లో ముందు ఇంజన్లకు, తరవాత తమ స్థలాలు కొన్నవాళ్లకు నీళ్లు పంపారు. పట్టాలకు అవతల మెక్‌విలియమ్స్ అనే ఆయన వేసిన పేటకు గొట్టం వెయ్యలేదు. అక్కడివాళ్లు బావులే దిక్కుగా బతికారు. ఇది చదివిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. కాపలా కాసింది నీళ్లనే, మనుషుల్ని కాదు.

అసలు ముప్పు కప్పు మీదనుంచి కాదు, కిందనుంచి వచ్చింది. ఊరున్న లోయ అంతటా బావులు తవ్వారు. తొలినాళ్లలో నీళ్లు వాటంతటవే పైకి ఎగజిమ్మేవి. చాలా బావులకు మూతే ఉండేది కాదు. నీళ్లు రాత్రీ పగలూ పొంగి ఇసుకలో ఇంకిపోయేవి. తరవాత మోటార్లు వచ్చాయి, ఊరు పెరిగింది. 1962కల్లా ఊటలు పైకి రావడం మానేశాయి. వాటిలో తప్ప మరెక్కడా లేని ఒక చిన్న చేప జాతి అంతరించింది. లోయలో కొన్నిచోట్ల నేల ఐదడుగులకు పైగా కుంగింది.

"మరి నీళ్లేవిరా?" అంది అమ్మ, ఊట ఇంటి ముందు నిలబడి.

ఇప్పుడు మేం తాగేది ఎక్కువగా కొలరాడో నది నీళ్లని చెప్పాను. 1980ల చివరి నుంచి, వాడకం తగ్గే చలికాలంలో ఆ నది నీళ్లనే బావుల్లోంచి తిరిగి భూమిలోకి ఎక్కిస్తూ వచ్చారని కూడా చెప్పాను. అమ్మ ఆ కాయలో గింజ ఒకటి తీసి, ఊట ఇంటి పక్కన మట్టిలో వేలితో గుచ్చి కప్పెట్టింది.