పంట రకం, ఆకు మీది శిలీంధ్ర సమూహం: ఓట్స్, బార్లీ, వేరుశనగ ఆధారంగా ఒక పరిశీలన

సారాంశం

పైరు ఆకు మీద బతికే శిలీంధ్రాల్లో తెగులు తెచ్చేవి కొన్నే. మిగిలినవి హాని చేయని ఈస్టులు, బూజులు. వీటిలో ఏవి నిలదొక్కుకుంటాయన్నది వాతావరణం మీదే కాక పంట రకం మీద కూడా ఆధారపడుతుంది. ఒక తెగులును తట్టుకునే గుణం ఇతర శిలీంధ్రాల బతుకునూ మార్చగలదు కాబట్టి, కొత్త రకాన్ని ఆ ఒక్క తెగులుతోనే తూచడం చాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పంట రకం, శిలీంధ్ర సమూహం, తెగులు నిరోధకత, వేరుశనగ

1. ఆవాసంగా ఆకు

ఆకు మీద పడిన సిద్ధబీజం మొలకెత్తాలంటే తేమ కావాలి, ఆ పైన ఆహారం కావాలి. మైనపు పొర మందం, నూగు, పత్రరంధ్రాల సంఖ్య, ఆకు నుంచి ఊరే చక్కెరలు, గుబురులో మంచు నిలిచే సేపు రకాన్ని బట్టి మారతాయి. ఊరిన చక్కెరలనూ పేనుబంక విసర్జించే తేనెబంకనూ ఈస్టులు ముందే తినేస్తే, తెగులు శిలీంధ్రానికి మిగిలేది తగ్గుతుంది. అందువల్ల హాని చేయని శిలీంధ్రాలను లెక్కలోంచి తీసేస్తే తెగులు తీవ్రత పూర్తిగా అర్థం కాదు.

డెన్మార్క్ పరిశోధకులు 2015లో ‘న్యూ ఫైటాలజిస్ట్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో గోధుమ, బార్లీ తదితర పైర్ల ఆకుల నుంచి శిలీంధ్రాల డీఎన్‌ఏను వేరుచేసి పరిశీలించారు. పంట ఏదన్నదే కాక, ఆ పంటలో ఏ రకమన్నది కూడా సమూహ నిర్మాణాన్ని ప్రభావితం చేస్తుందని తేలింది.

2. ఒక జన్యువు, అనేక పర్యవసానాలు

అమెరికాలో 1940లలో తుప్పు తెగులును తట్టుకుంటుందని ‘విక్టోరియా’ ఓట్స్ సంతతి రకాలను విస్తారంగా వేశారు. 1946లో ఆ రకాలనే ఎండగొట్టే కొత్త శిలీంధ్రం వెలుగులోకి వచ్చింది. నేడు దాని పేరు బైపోలారిస్ విక్టోరియే. అది విడిచే విక్టోరిన్ అనే విషం ఆ సంతతి మొక్కల మీదే పనిచేస్తుంది. తుప్పును ఆపే గుణాన్నీ విషానికి లొంగే గుణాన్నీ ఎంత ప్రయత్నించినా విడదీయలేకపోయారు.

బార్లీలో ఎంఎల్‌ఓ జన్యువు పనిచేయకుండా పోతే బూడిద తెగులు శిలీంధ్రం కణంలోకి చొరబడలేదు. ఐరోపాలో ఈ రక్షణ దశాబ్దాల పాటు నిలిచింది. అయితే అలాంటి మొక్కలకు వరి అగ్గితెగులు శిలీంధ్రం మరింత సులువుగా సోకుతుందని ప్రయోగాలు చూపాయి. పైకి కనబడకుండా ఆకులో పెరిగి, పూత దాటాక మచ్చలుగా బయటపడే రాములేరియా అనే శిలీంధ్రం విషయంలోనూ కొన్ని పరిస్థితుల్లో ఇలాంటి ఫలితమే వచ్చింది.

3. వేరుశనగ: అడగవలసిన ప్రశ్న

అనంతపురం ప్రాంతంలో చిరకాలం సాగైన టీఎంవీ 2 రకం తిక్క ఆకుమచ్చ తెగులుకు, తుప్పుకు తేలిగ్గా లొంగుతుంది. ధార్వాడ్‌లో రూపొందిన జీపీబీడీ 4 రెండింటినీ తట్టుకుంటుంది. దీని నిరోధకత మూలం అరాకిస్ కార్డెనాసి అనే అడవి జాతి. నిరోధక రకాల్లో మచ్చ ఆలస్యంగా వస్తుంది, అందులో సిద్ధబీజాలు తక్కువ, ఆకు రాలడమూ తక్కువే.

దీని ప్రభావం తెగులు దగ్గరే ఆగదు. తిక్క తెగులులో ఒక రూపమైన ఆలస్యపు ఆకుమచ్చ మీద డైసిమా పుల్వినేటా అనే మరో శిలీంధ్రం తెల్లగా పెరిగి తెగులు శిలీంధ్రాన్ని తింటుంది. మచ్చలు తగ్గితే ఈ సహజ శత్రువుకు తిండి తగ్గుతుంది. మరోవైపు ఆకు ఎక్కువ రోజులు పచ్చగా నిలిస్తే ఈస్టులకు ఆవాసం మిగులుతుంది. ఈ రెండింటిలో ఏది పైచేయి అవుతుందో ఊహతో తేల్చలేం, పొలంలో కొలవాలి.

4. ముగింపు

రకాల పరీక్షల్లో తెగులు తీవ్రతకు 1 నుంచి 9 వరకు మార్కులు వేస్తున్నాం. ఆ మళ్లలోనే మందు కొట్టినవాటి నుంచి, కొట్టనివాటి నుంచి లేత దశలో, పూతలో, కాయ ఊరే వేళ ఆకులు సేకరించి శిలీంధ్రాల డీఎన్‌ఏను కూడా పరీక్షించాలి. ఏ శిలీంధ్రాన్ని అడ్డుకుందన్నదే కాక వేటికి చోటిచ్చిందన్నది కూడా రకం విడుదలకు ముందే తెలియాలి. విక్టోరియా ఓట్స్ నష్టం విత్తనం పొలాలన్నింటా పరుచుకున్నాక బయటపడింది. వాన మీదే ఆధారపడిన మెట్ట రైతు మీద అలాంటి ఆలస్యాన్ని మోపడం న్యాయం కాదు.