వీసం నుండి సెంటు దాకా: కర్నూలు, కడప భూమి లెక్కల్లో దశాంశం

ఉపోద్ఘాతం

ప్రాథమిక గణితంలో దశాంశ భిన్నాలను పూర్తిగా కొత్త విషయంగా పరిచయం చేయడం పరిపాటి. అయితే ఒకటికంటె తక్కువైన పరిమాణాన్ని స్థానక్రమంలో రాసే పద్ధతి తెలుగు లెక్కల్లో పూర్వమే ఉంది. దశాంశంతో మారినవి ఆధారసంఖ్య, స్థానాన్ని గుర్తించే తీరు.

పాత భిన్నాలు

పాత పద్ధతికి ఆధారం నాలుగు. పూర్ణాంకం తరువాతి మొదటి స్థానం పాతికలది, రెండవది వీసాలది, అంటే పదహారో వంతులది; మూడవది అరవైనాలుగో వంతులది. బేసి స్థానాలకు నిలువు గీతలు, సరి స్థానాలకు అడ్డగీతలు వాడేవారు. ఏ స్థానంలోనూ గీతలు మూడుకు మించవు. ఈ చిహ్నాలను 2008లో యూనికోడ్‌లో చేర్చారు. కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ 1852 నాటి నిఘంటువులో వీసానికి పదహారో వంతు అనే అర్థం ఉంది. రూపాయికి 16 అణాలనే లెక్క ఈ విభజనతో సరిపోయింది.

భూమి కొలత

1800లో కడప ప్రాంతం దత్తమండలాల్లో భాగంగా కంపెనీ పాలనలోకి వచ్చింది. థామస్ మన్రో సర్వేలో 33 అడుగుల గొలుసు చదరాలు 40 కలిస్తే ఎకరం. కర్నూలు 1839 వరకు నవాబుల ఏలుబడిలో ఉంది. తరువాతి కాలంలో మద్రాసు రెవెన్యూ లెక్కల్లో ఎకరానికి 100 సెంట్లు స్థిరపడ్డాయి. 66 అడుగుల గొలుసుకు 100 లింకులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. నాణేల్లో దశాంశ విధానం 1957 ఏప్రిల్ 1న వచ్చింది. అణా కచ్చితంగా 6.25 నయాపైసలు కాగా, మార్పిడిలో 6 పైసలుగానే లెక్కించారు. భూమి లెక్కలో మాత్రం నూరో వంతు అంతకుముందే ఉంది.

సున్న విలువ

పాత పద్ధతిలో పాతికకు నిలువు గీత, వీసానికి అడ్డగీత కనుక పక్కపక్క స్థానాలు తారుమారు కావు. దశాంశంలో పదో వంతుకూ నూరో వంతుకూ అంకె ఒకటే. స్థానాన్ని కాపాడేది సున్న మాత్రమే. రెండెకరాల ఐదు సెంట్లు 2.05, రెండున్నర ఎకరాలు 2.50. నడిమి సున్న జారితే తేడా 45 సెంట్లు, అంటే 19,602 చదరపు అడుగులు. మెట్ట రైతుకు అది చిన్న తేడా కాదు.

ముగింపు

దశాంశాన్ని బోధించేటప్పుడు బిందువు కంటె ముందు స్థానాన్ని, ఆ స్థానాన్ని నిలిపే సున్నను వివరించాలి. వీసాన్నీ సెంటునూ పక్కపక్కన ఉంచి చూపితే ఆ వివరణకు ఈ నేలలోనే ఉదాహరణ దొరుకుతుంది.